పువ్వు చేతికిచ్చి పాఠం మొదలుపెట్టిన అల్మైరా ఫెల్ప్స్: మన అమ్మాయిలకు వృక్షశాస్త్రం ఎలా చెప్పాలి?

కనకాంబరం (తిరుపతి) – శనివారం, రాత్రి 9:40

అందరికీ నమస్కారం. తిరుపతిలో డిగ్రీ అమ్మాయిలకు ఇరవై ఏళ్ళుగా వృక్షశాస్త్రం చెబుతున్నాను. ఈ వారం పువ్వు భాగాల పాఠం వచ్చింది. తరగతిలో సగంమంది జడల్లో కాగడా మల్లెలున్నాయి. "మీ తలలో ఉన్న పువ్వుకు కేసరాలెన్ని?" అని అడిగాను. కేసరాలంటే పువ్వులో పుప్పొడి ఇచ్చే భాగాలు. ఎవరూ పలకలేదు. చివరికి ఒక అమ్మాయి లేచి "అయిదు మేడం" అంది. ఎలా తెలుసని అడిగితే పుస్తకంలో బొమ్మ చూపించింది. అది ఉమ్మెత్త పువ్వు బొమ్మ.

ఆ పిల్లను తప్పుపట్టే హక్కు నాకు లేదు. నేను చదువుకున్న రోజుల్లో మా కళాశాలలో ప్రాక్టికల్స్ అంటే పై తరగతి వాళ్ళ రికార్డు తెచ్చి బొమ్మలు దించుకోవడమే. పువ్వును కోసి లోపల చూడకుండానే నాకు మంచి మార్కులు వచ్చాయి.

ఆ రోజు ఇంటికి వచ్చాక చాలాకాలం క్రితం చదివిన ఒక అమెరికా ఉపాధ్యాయురాలు గుర్తుకొచ్చారు. పేరు అల్మైరా హార్ట్ లింకన్ ఫెల్ప్స్. 1793లో కనెక్టికట్ రాష్ట్రంలో పుట్టారు. పదహారేళ్ళకే బడిలో పాఠాలు చెప్పడం మొదలుపెట్టారు. 1823లో భర్త పోయారు. చిన్నపిల్లలతో న్యూయార్క్ రాష్ట్రంలోని ట్రాయ్ ఊరు చేరి, అక్క ఎమ్మా విల్లర్డ్ 1821లో అమ్మాయిల కోసం పెట్టిన విద్యాలయంలో ఉపాధ్యాయురాలయ్యారు. ఆ ఊళ్ళోనే ఎమోస్ ఈటన్ అనే వృక్షశాస్త్రవేత్త ఉండేవారు. ఆయన దగ్గర చదువుకుంటూ, నేర్చుకున్నది అమ్మాయిలకు చెబుతూ, ఆ పాఠాలను 1829లో పుస్తకంగా తెచ్చారు. అది దశాబ్దాల పాటు అమెరికా బడుల్లో పాఠ్యపుస్తకంగా నడిచింది. రెండు లక్షలకు పైగా ప్రతులు అమ్ముడుపోయాయి.

నాకు ముఖ్యమైనది ఆమె మొదటి రోజు చేసిన పని. తరగతిలో ప్రతి అమ్మాయి చేతికీ ఒక పువ్వు ఇప్పించేవారు. నిర్వచనాలు ఆ తరువాతే. ముందు రేకులు విడదీయాలి, కేసరాలు లెక్కపెట్టాలి, అండాశయం ఎక్కడుందో వేలితో తడిమి చూడాలి.

మనమూ అలా చేయాలని ఉంది. సోమవారం నుంచి వారానికి ఒక పువ్వు. ఇక్కడ, ఈ నెలల్లో, డబ్బు పెట్టకుండా దొరికే పూలు ఏవో చెప్పండి.

రెల్లుపూలు (తిరుపతి) – శనివారం, రాత్రి 10:25

మేడం, చాలా మంచి ఆలోచన. నేను పరిశోధన విద్యార్థిని. ఫెల్ప్స్ గారు స్వీడన్ శాస్త్రవేత్త లిన్నేయస్ మొక్కలను వర్గీకరించిన పద్ధతిలో చెప్పారు, మీ పనికి అదే సరిగ్గా సరిపోతుంది. లిన్నేయస్ మొక్కలన్నిటినీ 24 తరగతులు చేశాడు. ఎక్కువ తరగతులకు ఆధారం కేసరాల లెక్క, వాటి పొడవు, అవి కలిసి ఉన్నాయా విడిగా ఉన్నాయా అన్నది. 24వ తరగతి పూలు లేని మొక్కలది. చుట్టరికాల ప్రకారం వర్గీకరించే పద్ధతి వచ్చాక శాస్త్రంలో దీన్ని వదిలేశారు. కానీ మొదటిసారి పువ్వు పట్టుకున్న పిల్లకు లెక్కపెట్టడం కంటే మంచి దారి లేదు.

మన పూలతోనే చూడండి. మల్లెజాతి పూలకు రెండు కేసరాలు. చింతపువ్వుకు పుప్పొడి ఇచ్చేవి మూడే. కనకాంబరానికి నాలుగు, రెండు పొడుగు, రెండు పొట్టి. ఉమ్మెత్తకు అయిదు. వరికి ఆరు. ముల్లంగికీ ఆరే, కానీ నాలుగు పొడుగు, రెండు పొట్టి. వేపకు పది, అన్నీ కలిసి గొట్టంలా ఉంటాయి. శంఖపుష్పంలో తొమ్మిది ఒక జట్టు, పదోది విడిగా. మందారంలో కాడ చుట్టూ గొట్టమై లెక్కకు అందనన్ని.

ఎక్కాల పుస్తకంలా అంతా పెరట్లోనే ఉంది. ఒక కేసరం ఉన్న పువ్వు మాత్రం నాకు వెంటనే తట్టలేదు.

పూతకాలం (బంగారుపాళెం దగ్గర) – ఆదివారం, ఉదయం 6:15

ఒక కేసరం పువ్వు మా తోట నిండా ఉందండీ. మామిడి.

మాది తోతాపురి తోట. ఉద్యాన శాఖ శిక్షణకు వెళ్ళినప్పుడు భూతద్దంలో చూపించారు. పువ్వు చాలా చిన్నది. అయిదు రేకులు, మధ్యలో పసుపు పచ్చని దిమ్మ, దాని పక్కన ఒకే ఒక కేసరం నిటారుగా, చివర ఎర్రటి బుడిపెతో. అరుదుగా రెండు ఉంటాయి. మిగిలినవి పేరుకే, పొట్టిగా, పుప్పొడి లేకుండా.

మీ పిల్లలకు ఇంకో సంగతి కూడా చూపించండి. ఒకే గుత్తిలో రెండు రకాల పూలుంటాయి. కొన్నింటిలో దిమ్మ మీద ఆకుపచ్చని చిన్న గుండు ఉంటుంది, అదే పిందె అయ్యేది. చాలా పూలలో ఆ గుండు ఉండదు. అవి మగపూలు, పిందె కట్టవు. పూత రాలిపోతోందని మేము కంగారుపడతాం కానీ, రాలేవాటిలో సగానికి సగం కాయ కావడానికి పుట్టినవే కావు. యాభై ఏళ్ళు తోటలో బతికిన మా నాన్నకు ఈ సంగతి తెలియదు. తెలిసి ఉంటే ఎన్ని రాత్రులు నిద్రపోయేవారో.

ఇప్పుడు పూత నిండుగా ఉంది. ఎన్ని కొమ్మలు కావాలన్నా ఇస్తాను. తిరుపతి బస్సులో పంపిస్తాను.

కనకాంబరం – ఆదివారం, ఉదయం 7:05

అన్నా, మీ మాట చదివి పొద్దున్నే ప్రాణం లేచొచ్చింది. పది గుత్తులు చాలు. ఎక్కువ కోయకండి. ఒక్క మాట అడగాలి, మందు కొట్టిన చెట్టువా?

పూతకాలం – ఆదివారం, ఉదయం 7:30

మొగ్గ దశలో ఒకసారి తేనెమంచు పురుగుకు కొట్టాను. పూలు విచ్చుకున్నాక కొట్టను. మామిడికి పుప్పొడి మోసేవాటిలో ఈగలదే పెద్ద చెయ్యి. విచ్చిన పూత మీద మందు పడితే అవీ పోతాయి, పిందే పోతుంది. మా పక్క తోటవాళ్ళతో ఈ విషయంలో ప్రతి ఏడూ వాదనే. మీకు పంపే గుత్తులు ఇంటి ముందున్న నాటుచెట్టువి, దానికి ఏ మందూ కొట్టలేదు. పిల్లలు నిశ్చింతగా పట్టుకోవచ్చు.

సూటిప్రశ్న (చిత్తూరు) – ఆదివారం, ఉదయం 11:20

పూల సంగతి బాగుంది. అయితే ఫెల్ప్స్ గురించి ఇక్కడ చెప్పనిది ఒకటుంది. జీవితం చివరి భాగంలో ఆమె స్త్రీలకు ఓటుహక్కు వద్దని వాదించే సంఘంలో చేరారు. అమ్మాయిల చదువు కోసం అంత పాటుపడిన మనిషి, వాళ్ళు ఓటు వేయకూడదన్నారు. ఇంకొకటి. వృక్షశాస్త్రం ఆడవాళ్ళకు తగిన చదువని ఆ రోజుల్లో ఎందుకన్నారు? పూలు సుకుమారం, ఆడవాళ్ళూ సుకుమారం, జంతువులను కోయాల్సిన పని లేదు, ప్రకృతిని చూస్తే దైవభక్తి పెరుగుతుంది. ఫెల్ప్స్ రాతల్లోనూ ఈ ధోరణి ఉంది. ఇంటిని అలంకరించే చదువుగా మొదలైన దాన్ని మన పిల్లలకు ఆదర్శంగా చూపించడం నాకు ఇబ్బందిగా ఉంది.

కనకాంబరం – ఆదివారం, మధ్యాహ్నం 2:10

మీరు చెప్పింది నిజం. ఓటు విషయంలో ఆమె తప్పు. నేను దాన్ని తరగతిలో దాచను. రేపు ఆమె పేరు చెప్పినప్పుడే ఈ సంగతీ చెబుతాను.

కానీ అలంకారపు చదువు అన్నమాట దగ్గర నేను ఒప్పుకోను. ఆ పుస్తకంలో ఉన్నది పూల మీద కవిత్వం కాదు. లాటిన్ పేర్లున్నాయి, వేరు నీటిని ఎలా పీలుస్తుందో ఉంది, విత్తనం లోపల ఏముందో ఉంది, మొక్కను చూసి పేరు కనుక్కునే పద్ధతి ఉంది. 1830లో ఫ్రెంచి నుంచి ఒక రసాయనశాస్త్ర నిఘంటువును అనువదించారు. ఆ తరువాత పిల్లల కోసం రసాయనశాస్త్రం, భౌతికశాస్త్రం పుస్తకాలు రాశారు. 1841 నుంచి 1856 దాకా మేరీలాండ్‌లో పటాప్స్కో అమ్మాయిల విద్యాలయాన్ని నడిపారు. అక్కడి చదువులో శాస్త్రానికి పెద్దపీట వేశారు. 1855లో పెద్ద కూతురు రైలు ప్రమాదంలో పోయింది. మరుసటి ఏడాది ఆ బాధ్యత నుంచి తప్పుకున్నారు. 1859లో అమెరికా శాస్త్రాభివృద్ధి సంఘం ఆమెను సభ్యురాలిగా ఎన్నుకుంది. అప్పటికి అందులో ఉన్న స్త్రీలను వేళ్ళ మీద లెక్కపెట్టవచ్చు.

సుకుమారమైన చదువన్న పేరుతో తలుపు తెరుచుకుంది. లోపలికి వెళ్ళిన అమ్మాయిలు సూది, కత్తి, భూతద్దం పట్టుకున్నారు. నాకు ఆ సూది ముఖ్యం.

సూటిప్రశ్న – ఆదివారం, మధ్యాహ్నం 3:00

దాచనన్నారు కదా, అది చాలు. మీ తరగతిలో అమ్మాయిలు ఏమంటారో మాత్రం ఇక్కడ రాయండి.

రెల్లుపూలు – ఆదివారం, సాయంత్రం 5:45

ఫెల్ప్స్ గారితో పాటు మన దేశపు వృక్షశాస్త్రవేత్త జానకి అమ్మాళ్ గురించి కూడా చెప్పండి మేడం. అక్కడ తలుపు తెరిచినవారు ఒకరైతే, ఇక్కడ ఆ తలుపు దాటి చాలా దూరం నడిచినవారు ఈమె.

ఇ.కె. జానకి అమ్మాళ్ 1897లో తలశ్శేరిలో పుట్టారు. అప్పుడు అదీ మద్రాసు ప్రెసిడెన్సీలోదే, మన చిత్తూరూ మద్రాసు ప్రెసిడెన్సీలోదే. మద్రాసులో క్వీన్ మేరీస్, ప్రెసిడెన్సీ కళాశాలల్లో చదివారు. తరువాత మద్రాసు విమెన్స్ క్రిస్టియన్ కళాశాలలో అమ్మాయిలకు పాఠాలు చెప్పారు. ఆసియా స్త్రీల కోసం మిషిగన్ విశ్వవిద్యాలయంలో ఉన్న బార్బర్ ఉపకారవేతనం మీద అమెరికా వెళ్ళి 1931లో డాక్టరేటు తీసుకున్నారు. 1934 నుంచి 1939 దాకా కొత్త చెరకు రకాలను తయారుచేసే కోయంబత్తూరు చెరకు ప్రజనన కేంద్రంలో పనిచేశారు. తరువాత ఇంగ్లండు. 1945లో అక్కడి శాస్త్రవేత్త డార్లింగ్టన్‌తో కలిసి సాగుమొక్కల క్రోమోజోముల (కణంలో వంశ లక్షణాలను మోసే పోగుల) వివరాలన్నీ ఒక చోటికి చేర్చిన పుస్తకం తెచ్చారు. 1951లో నెహ్రూ పిలిస్తే తిరిగి వచ్చి, దేశంలోని మొక్కలను నమోదు చేసే బొటానికల్ సర్వే ఆఫ్ ఇండియాను చక్కదిద్దే పని చేపట్టారు. 1977లో పద్మశ్రీ. ఎనభై దాటాక కూడా కేరళలోని సైలెంట్ వ్యాలీ అడవిని ముంచే ఆనకట్ట వద్దని నిలబడ్డారు. 1984 ఫిబ్రవరిలో మద్రాసులో కన్నుమూశారు. ఫెల్ప్స్ పోయింది 1884లో. దాదాపు వందేళ్ళ తేడా.

బెల్లంపాకం (చిత్తూరు జిల్లా) – ఆదివారం, రాత్రి 8:10

జానకి అమ్మాళ్ అంటే మన చెరకును తియ్యగా చేసిన ఆవిడేనా? ఫోనులో ఎన్నోసార్లు వచ్చింది. మాకు మూడెకరాల చెరకుంది, గానుగ కూడా ఉంది. అది నిజమైతే మా గానుగ దగ్గర ఆవిడ ఫొటో పెట్టుకుంటాను.

రెల్లుపూలు – ఆదివారం, రాత్రి 9:30

ఫొటో తప్పకుండా పెట్టండి అన్నా. కానీ సరైన కారణంతో పెట్టండి.

కోయంబత్తూరు కేంద్రం 1912లో మొదలైంది. అక్కడ సి.ఎ. బార్బర్ (ఉపకారవేతనం పేరులోని బార్బర్ వేరు), టి.ఎస్. వెంకట్రామన్ అనే శాస్త్రవేత్తలు కలిసి తియ్యటి చెరకును అడవిజాతి రెల్లుతో సంకరం చేశారు. ఆ పనిలోంచి వచ్చిన కో 205 రకం 1918 నాటికే రైతులకు అందింది. అప్పటికి జానకి అమ్మాళ్ ఇంకా మద్రాసులో చదువుకుంటున్నారు. కాబట్టి చెరకుకు తీపి తెచ్చింది ఆమె ఒక్కరే అనడం సరికాదు.

ఆమె చేసింది వేరు. సంకరం ఎందుకు ఒకసారి ఫలిస్తుంది, ఎందుకు ఒకసారి ఫలించదు అన్నది క్రోమోజోములలో వెతికారు. తియ్యటి చెరకులో 80 క్రోమోజోములు ఉంటాయి. రెల్లులో ఒక్కో చోట ఒక్కో లెక్క, 40 నుంచి 128 దాకా. రంగు వేసిన వేరు కొనలను సూక్ష్మదర్శిని కింద పెట్టి గంటల తరబడి లెక్కపెడితే తప్ప తెలియని సంగతి ఇది. చెరకును మొక్కజొన్నతో కూడా సంకరం చేసి చూపించారు. ఫోనులో తిరిగే కథ కంటే ఇది గొప్పదని నాకు అనిపిస్తుంది.

బెల్లంపాకం – ఆదివారం, రాత్రి 10:05

రెల్లా! మా గట్ల మీద ప్రతి ఏడూ పీకి తగలబెట్టేది అదే. వానలు తగ్గాక వాగు పొడవునా తెల్లగా పూస్తుంది. పిల్లలు ఆ పూలు ఊది ఆడుకుంటారు. మా చెరకులో దాని రక్తం ఉందని ఇప్పుడే తెలిసింది.

మేము ముచ్చెలు నాటుతాం, విత్తనం మొహం ఎరగం. చెరకు పూస్తే మాకు దిగులు, గడలో బెండు పట్టి పాకం తగ్గుతుందని. కోయంబత్తూరులో ఎలా సంకరం చేశారు?

రెల్లుపూలు – ఆదివారం, రాత్రి 10:20

అక్కడి వాతావరణంలో చెరకు బాగా పూసి విత్తనం కడుతుంది. ఆ కేంద్రాన్ని అక్కడ పెట్టడానికి కారణం అదే. మీకు దిగులు పుట్టించే పువ్వు కోసమే వాళ్ళు ఏడాదంతా ఎదురుచూసేవారు. ఈసారి మీ తోటలో వెన్ను కనిపిస్తే ఒకటి ఎండబెట్టి ఉంచండి. చిన్న పువ్వులో మూడు కేసరాలు, పుప్పొడిని అందుకునే ఈకల్లాంటి రెండు కీలాగ్రాలు ఉంటాయి.

శేషాచల_బాటసారి (తిరుపతి) – సోమవారం, ఉదయం 5:50

అటవీ ఉద్యోగం చేసి విశ్రాంతి తీసుకుంటున్నవాణ్ణి. అమ్మా, పిల్లలను కొండకు కూడా తీసుకెళ్ళాలని మీకు తప్పక అనిపిస్తుంది. తీసుకెళ్ళండి. కానీ పెరటి పద్ధతి అక్కడ పనికిరాదు. శేషాచలం 2010 నుంచి జీవావరణ మండలం, అంటే రక్షిత ప్రాంతం, లోపల శ్రీ వేంకటేశ్వర జాతీయ ఉద్యానం. రాలిన కాయ అయినా తేకూడదు. అక్కడ చేతులు వెనక్కి కట్టుకుని, కళ్ళతో చూడాలి.

చూడటానికి ఏముందో చెబుతాను. ఎర్రచందనం అందరికీ తెలుసు, కానీ దాని పువ్వు చూసినవాళ్ళు తక్కువ. పసుపు రంగు, చిక్కుడు పువ్వు పోలిక. కాయ గుండ్రంగా, చుట్టూ రెక్కతో, గాలికి తిరుగుతూ పడుతుంది. కొండ సాంబ్రాణి చెట్టు ఆకులన్నీ రాల్చి మోడుగా ఉన్నప్పుడు పూస్తుంది. ఇంకొకటి బెడ్డోమ్ సైకస్. చూడటానికి పొట్టి ఈతచెట్టులా ఉంటుంది, కానీ ఈతకూ దానికీ ఏ చుట్టరికమూ లేదు. దానికి పువ్వే లేదు. మగచెట్టు వేరు, ఆడచెట్టు వేరు. మగచెట్టు నడినెత్తిన మొక్కజొన్న కండెలా ఒకటి లేస్తుంది. మందుకని దాన్ని నరికి అమ్మేవాళ్ళను నేను పట్టుకున్నాను. కండె పోతే ఆ ఏడాది చుట్టుపక్కల ఆడచెట్లకు పుప్పొడి లేదు. ప్రపంచంలో ఆ చెట్టు సహజంగా పెరిగేది మన కడప, తిరుపతి వైపు కొండల్లోనే.

కొండ మీద ఆడవాళ్ళు పూలు పెట్టుకోరు, అక్కడి పూలన్నీ స్వామివే అని. మీ పిల్లలకు ఆ ఒక్క మాట చెప్పండి, ఎవరూ చెయ్యి చాపరు.

ఇద్దరు_పిల్లల_అమ్మ (తిరుపతి) – సోమవారం, మధ్యాహ్నం 1:15

మా అమ్మ పద్మావతి మహిళా కళాశాలలో చదువుకుంది. 1952లో దేవస్థానం ఆ కళాశాల పెట్టకపోతే మా తాతయ్య ఊరు దాటించి చదివించేవారు కాదని ఇప్పటికీ అంటుంది. కాబట్టి అమ్మాయిల చదువు విలువ నాకు ఎవరూ చెప్పనక్కర్లేదు. కానీ మా పెద్దమ్మాయి వృక్షశాస్త్రం తీసుకుంటానంటే భయం వేస్తోంది. కంప్యూటర్ చదువుకు ఉన్న ఉద్యోగాలు దీనికి ఉన్నాయా?

శేషాచల_బాటసారి – సోమవారం, మధ్యాహ్నం 3:40

అన్ని లేవమ్మా. ఉన్నాయని చెబితే అబద్ధం. బోధన ఉంది, అటవీ సర్వీసు పరీక్షలకు ఈ డిగ్రీ పనికొస్తుంది, విత్తన పరీక్షా కేంద్రాలు, నర్సరీలు ఉన్నాయి. నేను చేరిన రోజుల్లో అడవిలో ఆడ అధికారి అంటే వింత. నేను దిగిపోయే నాటికి నా పైఅధికారి ఒక అమ్మాయి. మొక్క పేరు చెప్పడంలో ఆమె ముందు నేను నిలవలేకపోయేవాణ్ణి.

రెండో_సంవత్సరం (తిరుపతి) – సోమవారం, రాత్రి 8:30

నమస్కారం. నేను మేడం తరగతిలో ఉన్నాను. ఈ వేదికలో మేడమే చేర్చారు. ఇవాళ జరిగింది రాస్తాను.

మొదట కాగడా. రేకుల కింద గొట్టం ఉంటుంది కదా, దాన్ని గుండుసూదితో పైనుంచి కిందికి చీల్చాం. నాది మూడుసార్లు చినిగిపోయింది. నాలుగోసారి తెరుచుకుంది. లోపలి గోడకు అతుక్కుని రెండు పచ్చటి గింజల్లాంటివి ఎదురెదురుగా ఉన్నాయి. గీకితే వేలికి పొడి అంటింది. చిన్నప్పటి నుంచి పెట్టుకుంటున్నాను, అది లోపల ఉందని తెలియదు. మా పక్క బెంచీ అమ్మాయి ముద్దమందారం తెచ్చింది. దానిలో గొట్టం సరిగా లేదు, కేసరాలు కొన్నే ఉన్నాయి, కొన్ని సగం రేకు, సగం కేసరంలా ఉన్నాయి. తప్పు పువ్వు తెచ్చానని ఏడుపు మొహం పెట్టింది. కేసరాలే రేకులుగా మారడం వల్ల అది ముద్దపువ్వు అయిందని, అలా మారుతూ మధ్యలో ఆగినవే ఆ సగం సగంవని మేడం చెప్పారు. అప్పుడు అందరూ దాని చుట్టూ మూగారు.

ఓటు సంగతి కూడా చెప్పారు. ఒక అమ్మాయి "మరి ఆమె దగ్గర చదువుకున్న అమ్మాయిలు ఓటు కావాలన్నారా?" అని అడిగింది. మేడం నల్లబల్ల మీద ఆ ప్రశ్న రాసి అలాగే ఉంచారు.

పూతకాలం అంకుల్, మీ మామిడి గుత్తులు మధ్యాహ్నం అందాయి. ఒక గుత్తిలో 40 పూలు చూశాం. ఆకుపచ్చ గుండు ఉన్నవి 9 మాత్రమే.

పూతకాలం – సోమవారం, రాత్రి 9:10

తొమ్మిదా! బాగానే ఉందమ్మా. కొమ్మకు తూర్పు వైపు గుత్తి ఒకటి, పడమటి వైపు గుత్తి ఒకటి పంపిస్తాను, రెండూ లెక్కపెట్టి చెప్పు. తేడా ఉంటుందా అని నాకు ఎప్పటి నుంచో అనుమానం.

రెండో_సంవత్సరం – మంగళవారం, ఉదయం 7:20

తప్పకుండా లెక్కపెడతాం అంకుల్.

మేడం, ఇవాళ పొద్దున మా పెరట్లో మునగపువ్వు కోసి చూశాను. పుప్పొడి ఉన్న కేసరాలు అయిదు. వాటి మధ్య మధ్యలో ఇంకో అయిదు దారాలున్నాయి, చివర ఏమీ లేదు. మామిడిలో కూడా ఇలాంటివే ఖాళీగా ఉన్నాయి కదా. పుప్పొడి లేనప్పుడు చెట్టు వాటిని ఎందుకు పెంచుతోంది?

కనకాంబరం – మంగళవారం, ఉదయం 7:35

ఆ పువ్వు వాడిపోకముందే తడిగుడ్డలో చుట్టి తీసుకురా. ఇంకో పది కూడా కోసుకురా. అందరం కలిసి చూద్దాం.